పరుగెత్తే సొట్ట

వెయ్యి మీటర్ల లోతున్న సముద్రంలోకి ఓడ మీంచి ఉక్కు గొట్టాన్ని దించుతున్నారనుకోండి. దాని వ్యాసం 400 మిల్లీమీటర్లు, గోడ మందం 20 మిల్లీమీటర్లు. లోపల ఇంకా గ్యాసూ లేదు, చమురూ లేదు. ఉన్నది మామూలు గాలి. అడుగుకు చేరిన భాగాన్ని సముద్రం చదరపు సెంటీమీటరుకు సుమారు 100 కిలోల చొప్పున చుట్టూ నొక్కుతోంది. ఆ గొట్టానికి ఇదేమంత భారం కాదు. ఎక్కడా లోపం లేకుండా చక్కగా గుండ్రంగా ఉంటే అది 3,000 మీటర్ల లోతులో కూడా నిలబడగలదు. కానీ నేలను తాకబోయే చోట వంపు కాస్త ఎక్కువై గొట్టానికి సొట్ట పడింది.

ఆ సొట్ట పడ్డచోట ఆగదు. రెండు వైపులా పరుగు తీస్తుంది. పక్కనున్న గుండ్రటి భాగాన్ని చదును చేస్తుంది, అది తన పక్కదాన్ని చదును చేస్తుంది. అలా గొట్టమంతా అణిగిపోతూ పోతుంది. ఈ పరుగు వేగం సెకనుకు వందల మీటర్ల దాకా ఉండగలదని ప్రయోగాల్లో కొలిచారు. ఎక్కడో ఒక చోట గోడ చిట్లి నీరు లోపలికి చొరబడితే లోపలి, బయటి పీడనాలు సమానమై పరుగు ఆగుతుంది. చిట్లకపోతే మాత్రం కిలోమీటర్ల కొద్దీ గొట్టం పనికిరాకుండా పోతుంది.

మూడు వేల మీటర్లు తట్టుకోగల గొట్టం వెయ్యి మీటర్ల దగ్గర ఎందుకు లొంగిపోయింది? ఉక్కు నాసిరకందా? కాదు. లెక్క తప్పా? అదీ కాదు. వేసిన లెక్క ఒక ప్రశ్నకు జవాబిచ్చింది, సముద్రం ఇంకో ప్రశ్న అడిగింది. మొదటిది: గొట్టం నలగడం మొదలవ్వాలంటే ఎంత పీడనం కావాలి? రెండోది: ఒకసారి మొదలైన నలుగుడు కొనసాగాలంటే ఎంత చాలు? ఈ రెండు అంకెలకూ మధ్య ఎంత దూరం ఉందో 1970ల దాకా ఇంజనీర్లకు సరిగా తెలియదు. అమెరికాలోని బాటెల్ పరిశోధన సంస్థ 1970ల తొలినాళ్ళలో చేసిన ప్రయోగాల్లో ఈ పరుగెత్తే సొట్ట బయటపడింది. 1975లో పామర్, మార్టిన్ అనే ఇద్దరు దానికి మొదటి సులువైన లెక్క కట్టి ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. దాన్ని ఆసాంతం అర్థం చేసుకోవడానికి పూనుకున్నవారిలో ముఖ్యుడు స్టెలియోస్ కిరియాకిడిస్. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో చార్లెస్ బాబ్‌కాక్ దగ్గర ఈ సమస్య మీదే పనిచేసి 1980లో డాక్టరేట్ తీసుకున్నాడు. తర్వాత ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరై, కట్టడాల్లోనూ పదార్థాల్లోనూ వచ్చే అస్థిరతనే తన పరిశోధనకు కేంద్రంగా చేసుకున్నాడు.

ఇదేదో దూరదేశపు సంగతి అనుకోనక్కర్లేదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో వెయ్యి మీటర్లకు మించిన లోతుల్లోంచి గ్యాసు తీస్తున్నారు. 2009 ఏప్రిల్‌లో మొదలైన కేజీ-డీ6 గ్యాసు సముద్రగర్భంలో వేసిన గొట్టాల గుండానే కాకినాడ దగ్గరి గాడిమొగకు చేరుతుంది. అలాంటి లోతులో గొట్టం వేయాలనుకునే ఇంజనీరు ఎవరైనా ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పుకోకుండా పని మొదలుపెట్టలేడు.

ముందుగా బలం వేరు, స్థిరత్వం వేరు అన్న సంగతి కాస్త నిదానంగా చూద్దాం. వేసవిలో రైలు పట్టాల దగ్గర అది బాగా తెలుస్తుంది. ఇప్పటి పట్టాలకు వెనకటిలా పదమూడు మీటర్లకో ఖాళీ ఉండదు. వాటిని కిలోమీటర్ల పొడవున ఏకంగా వెల్డింగు చేస్తారు. రామగుండం వైపు మే నెల మధ్యాహ్నం గాలి 45 డిగ్రీలుంటే పట్టా 60 డిగ్రీలు దాటుతుంది. సాగుదామంటే చోటు లేదు. సాగలేని ఉక్కు తనను తాను నొక్కుకుంటుంది. పట్టాను బిగించిన నాటి ఉష్ణోగ్రత కంటే 30 డిగ్రీలు పెరిగిందనుకుందాం. మీటరుకు 60 కిలోలు తూగే పట్టాలో, ఒక్కో పట్టాకు, 50 టన్నులకు పైగా నొక్కుడు బలం పుడుతుంది. వినడానికి పెద్ద అంకే, కానీ ఉక్కుకు అది లెక్కలోది కాదు. ఆ పట్టా తెగడానికి కావలసిన ఒత్తిడిలో ఇది పదో వంతు కూడా లేదు. అయినా ఏదో ఒక చోట కంకర వదులుగా ఉండి స్లీపరు కాస్త పక్కకు జరిగితే చాలు, దారి మొత్తం పాము మెలికలా పక్కకు తోసుకుపోతుంది. విరిగింది ఏమీ లేదు. ఉక్కు ఎంత బలంగా ఉండాలో అంత బలంగానే ఉంది. నిటారుగా ఉండడం కంటే వంగిపోవడమే ఆ క్షణాన దానికి తేలికైంది. ఎండ మాడ్చేస్తున్న మధ్యాహ్నం పట్టాల వెంబడి నడుస్తూ కంకర నిండుగా ఉందా, వరస తప్పిందా అని చూసే రైల్వే కార్మికుడు కాపలా కాస్తున్నది ఈ స్థిరత్వానికే. ఆయన చేసే పని ఎంత శాస్త్రీయమైనదో ఆ బండిలో ప్రయాణించేవాళ్ళకు తెలియాలని నాకనిపిస్తుంది.

సన్నటి స్తంభం ఎంత భారం దగ్గర వంగుతుందో లియొనార్డ్ ఆయిలర్ 1744లోనే లెక్క కట్టాడు. ఆ సూత్రంలో పదార్థపు బలం ఎక్కడా కనబడదు. పదార్థం బిగువు, స్తంభం పొడవు, అడ్డుకోత ఆకారం, ఇవే ఉంటాయి. పొడవు రెట్టింపైతే తట్టుకోగల భారం నాలుగో వంతుకు పడిపోతుంది. 1907 ఆగస్టు 29న కెనడాలో కట్టుబడిలో ఉన్న క్యుబెక్ వంతెన కూలి 75 మంది కార్మికులు చనిపోయారు. అక్కడా తెగింది తాళ్ళూ కమ్మీలూ కాదు, నొక్కుడు భారం మోసే కింది దూలాలు మెలికపడి లొంగిపోయాయి. కూలడానికి ముందు రోజుల్లోనే ఆ దూలాల్లో అంగుళాల లెక్కన వంపు కనబడింది. దాన్ని కొలిచిన వాళ్ళున్నారు, కబురు పంపిన వాళ్ళున్నారు. పని ఆపించే కబురు మాత్రం సమయానికి చేరలేదు.

ఆయిలర్ తర్వాత ఇంకో పెద్ద చిక్కు వచ్చిపడింది. పలుచటి లోహపు రేకుతో చేసిన డబ్బాలాంటి కట్టడాలు, అంటే విమానం ఒళ్ళు, రాకెట్టు ట్యాంకు వంటివి, సిద్ధాంతం చెప్పిన భారంలో నాలుగో వంతుకే నలిగిపోయేవి. నెదర్లాండ్స్‌లో వార్నర్ కోయిటర్ 1945లో డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో కారణం చెప్పాడు. రేకు మందంలో చిన్న భాగమంత వంకర ఉన్నా చాలు, మోయగల భారం ఒక్కసారిగా పడిపోతుందని. అది డచ్చి భాషలో ఉండడం వల్ల చాలా ఏళ్ళు బయటివాళ్ళు పెద్దగా చదవలేదు. నాసా దాన్ని ఇంగ్లీషులోకి అనువదింపజేసింది 1960లలో.

ఇక్కడిదాకా వచ్చిన సిద్ధాంతమంతా ప్రధానంగా ‘ఎప్పుడు మొదలవుతుంది’ అన్నదాని చుట్టూ తిరిగింది. కిరియాకిడిస్ పని నాకు అంత ముఖ్యంగా తోచడానికి కారణం, అది ‘మొదలైన తర్వాత ఏమవుతుంది’ అన్నదాన్ని వదలకుండా పట్టుకోవడమే.

ఆస్టిన్ ప్రయోగశాలలో ఆ ప్రయోగం ఎలా చేస్తారో చూడండి. అంగుళానికి కాస్త అటూ ఇటూ వ్యాసమున్న సన్నటి స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాన్ని తీసుకుంటారు. దాని గుండ్రదనాన్నీ గోడ మందాన్నీ పొడవునా ముందే కొలిచి పెట్టుకుంటారు. రెండు కొసలూ మూసి, ఒక చివర చిన్న సొట్ట పెట్టి, దాన్ని లావాటి పీడన పాత్రలో ఉంచుతారు. పాత్రంతా నీటితో నింపి, పంపుతో ఇంకొంచెం ఇంకొంచెం నీరు నెమ్మదిగా ఎక్కిస్తారు. కీలకం ఈ ‘నెమ్మదిగా’ అన్న మాటలోనే ఉంది. నీరు దాదాపు కుదించుకోదు. గొట్టం కాస్త నలిగి చోటు ఇవ్వగానే పాత్రలో పీడనం పడిపోతుంది. కాబట్టి నలుగుడు పంపు పోసినంత నీటికే ముందుకు జరుగుతుంది. సముద్రంలో అలా కుదరదు. గొట్టం ఎంత నలిగినా సముద్రం పీడనం తగ్గదు, అందుకే అక్కడ సొట్ట పరుగెడుతుంది. ప్రయోగశాలలో అదే సొట్టను నడిపిస్తారు.

పీడనం గీత కాగితం మీద ఇలా సాగుతుంది. మొదట నిటారుగా పైకి ఎక్కుతుంది. సొట్ట ఉన్నచోట గొట్టం లొంగగానే నిట్టనిలువుగా కిందికి పడుతుంది. అక్కడ గొట్టం గోడలు లోపల ఒకదానికొకటి తగులుకుంటాయి. ఆ తర్వాత గీత దాదాపు బల్లపరుపుగా సాగుతుంది. గొట్టం ఒక చివర నుంచి రెండో చివరకు చదునవుతున్నంత సేపూ పీడనం మారదు. ఆ బల్లపరుపు గీత ఎత్తే రెండో ప్రశ్నకు జవాబు. దాన్నే ప్రసరణ పీడనం అంటారు. అది నలుగుడు మొదలవడానికి కావలసిన పీడనంలో సుమారు నాలుగో వంతు. గోడ పలుచనైతే ఇంకా తక్కువ.

ఈ తేడా ఎందుకు వస్తుందో తిరునాళ్ళలో అమ్మే పొడవాటి బెలూన్ ఊదితే తెలుస్తుంది. మొదటి ఊపు కష్టం, బుగ్గలు నొప్పి పుడతాయి. ఒక చోట బుడగ లేచాక మిగతాది తేలిక. బుడగ లావెక్కదు, పొడవునా జరుగుతూ పోతుంది. ఉబ్బిన రబ్బరూ ఉబ్బని రబ్బరూ పక్కపక్కన ఒకే పీడనం దగ్గర ఉంటాయి, మధ్యలో సరిహద్దు ఒక్కటే కదులుతుంది. గొట్టంలోనూ అంతే. గుండ్రటి స్థితీ చదునైన స్థితీ ఒకే పీడనం దగ్గర పక్కపక్కన ఉండగలవు. గుండ్రటి వలయాన్ని ఒంటరిగా నలపాలంటే పెద్ద పీడనం కావాలి. పక్కనే అప్పటికే నలిగిన వలయం ఉంటే అది తోడుగా లాగుతుంది. బెలూన్ విషయంలో ఈ సమతౌల్యాన్ని చేటర్, హార్వర్డ్ ప్రొఫెసర్ హచిన్సన్ 1984లో చక్కగా సూత్రీకరించారు. ద్రవం ఆవిరయ్యేటప్పుడు రెండు దశలు కలిసి ఉండే పీడనాన్ని కనుక్కోవడానికి మాక్స్‌వెల్ వాడిన సమాన వైశాల్యాల పద్ధతే ఇక్కడా పనికొచ్చింది. రబ్బరు వెనక్కి వస్తుంది, ఉక్కు రాదు. ఉక్కు వంగిన దారి దానికి గుర్తుంటుంది. కాబట్టి గొట్టానికి లెక్క అంత సులువుగా తేలలేదు.

ఎంత తేడా వచ్చిందో మన గొట్టం మీదే చూద్దాం. 1975 నాటి పామర్, మార్టిన్ లెక్కలో గొట్టపు వలయం నాలుగు చోట్ల మడతబందుల్లా వంగి చదునవుతుందని ఊహ. నీరు చేసే పనీ, ఆ నాలుగు మడతలు మింగే పనీ సమానం చేస్తే చాలు. 414 మెగాపాస్కల్ దగ్గర లొంగే ఉక్కుకు ఈ లెక్క సుమారు 3.3 మెగాపాస్కల్ ఇస్తుంది, అంటే 330 మీటర్ల లోతు. ప్రయోగాల నుంచి తీసిన సూత్రం మాత్రం 8 మెగాపాస్కల్‌కు పైగా, అంటే 800 మీటర్ల పైచిలుకు లోతు చెబుతుంది. రెట్టింపు కంటే ఎక్కువ. నాలుగు మడతల లెక్క గొట్టాన్ని ఒంటరి వలయాల వరసగా చూసింది. నిజమైన గొట్టంలో గుండ్రటి భాగానికీ చదునైన భాగానికీ మధ్య ఏటవాలుగా దిగే భాగం ఒకటుంటుంది. అక్కడ లోహం పొడవునా వంగుతుంది, సాగుతుంది, వంగేకొద్దీ గట్టిపడుతుంది. ఆ పనికి కావలసిన శక్తి కూడా సముద్రమే చెల్లించాలి. కిరియాకిడిస్, ఆయన విద్యార్థులు ఏళ్ళ తరబడి చేసిన కొలతలు, ఆ ఏటవాలు భాగాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకున్న కంప్యూటర్ గణనలు, ఈ తేడాను వివరించాయి. ఇప్పుడు సముద్ర గొట్టాల నిర్మాణ ప్రమాణాల్లో వాడే సూత్రం, ప్రసరణ పీడనం గోడ మందానికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి రెండున్నరో ఘాతం చొప్పున పెరుగుతుందనే సూత్రం, ఇలాంటి ప్రయోగాల ఫలమే.

అంటే వెయ్యి మీటర్ల దగ్గర మొదలైన సొట్ట తీరం వైపు పరుగెడుతూ 800 మీటర్ల లోతు దాటి పైకి వచ్చాక తనంతట తానే చల్లబడుతుంది. లోతు వైపు వెళ్ళింది మాత్రం ఆగదు. మరి 2,000 మీటర్ల లోతులో గొట్టం వేయాలంటే? సొట్ట పరుగే పుట్టకుండా చేయాలంటే గోడ మందం 20 నుంచి 28 మిల్లీమీటర్లు దాటించాలి. అంటే ఉక్కు దాదాపు 40 శాతం ఎక్కువ. ఖర్చు ఒక్కటే కాదు, ఆ బరువునంతా నీళ్ళలో వేలాడదీసి పట్టుకోగల ఓడ కావాలి. అందుకని ఇంజనీర్లు వేరే దారి ఎంచుకున్నారు. సొట్టను పుట్టనిచ్చినా దూరం పోనివ్వకుండా, గొట్టం పొడవునా కొన్ని వందల మీటర్లకొకటి చొప్పున మందపాటి ఉక్కు వలయాలు పెడతారు. వాటిని బకిల్ అరెస్టర్లు అంటారు. సొట్ట పరుగెత్తుకుంటూ వచ్చి ఆ వలయం దగ్గర నిలిచిపోతుంది. పోయేది రెండు వలయాల మధ్య భాగమే.

వలయం ఎంత మందం, ఎంత పొడవు ఉండాలి? ఇక్కడ ఆస్టిన్ ప్రయోగాల్లో కనబడిన ఒక విచిత్రం నాకు చాలా ఇష్టమైనది. పీడనం మరీ ఎక్కువైతే వలయం కూడా ఓడిపోతుంది. ఓడిపోయే తీరు రెండు రకాలు. వలయం సన్నదైతే అది కూడా గొట్టంతో పాటే అదే దిశలో చదునైపోతుంది. వలయం గట్టిదైతే, వచ్చిన సొట్ట దాన్ని పైనుంచి కిందికి కొంచెం నొక్కుతుంది. దాని వల్ల వలయం అవతలి గొట్టానికి ఎదురు దిశలో కోలదనం వస్తుంది. ఆ కోలదనం అవతలి వైపు గొట్టాన్ని అడ్డంగా నలిపేస్తుంది. అంటే ఇవతల నిలువుగా చదునైన గొట్టం, వలయం అవతల 90 డిగ్రీలు తిరిగి అడ్డంగా చదునవుతుంది. వలయం మధ్యలో చెక్కుచెదరకుండా ఉన్నట్టే కనబడుతుంది. ఆ నమూనాను చూస్తే తప్ప ఈ తిరుగుడు ఊహకు అందదు. పేరుకు చిన్న సంగతే, కానీ వలయం పనితీరును లెక్కించే పద్ధతి దీంతో మారిపోయింది, ఎందుకంటే రెండు తీరులకూ వేర్వేరు సూత్రాలు కావాలి.

ఒకచోట మొదలై, అంతకంటే తక్కువ బలంతో పక్కకు పాకడం అన్న లక్షణం గొట్టాలతో ఆగలేదు. విమానాల తలుపులూ నేలలూ తేలిగ్గా ఉండడానికి వాడే అల్యూమినియం తేనెపట్టు పలకను పక్కనుంచి నొక్కితే గదులన్నీ ఒకేసారి నలగవు. ఒక వరస ముందు కూలుతుంది. దాని గోడలు ఒకదానికొకటి తగిలి గట్టిపడగానే పక్క వరస వంతు. అలా వరస వెంట వరస నలుగుతున్నంతసేపూ బలం దాదాపు మారదు. వాహనాల్లో ఢీకొన్న దెబ్బను మింగించడానికి ఇంజనీర్లు ఇలాంటి పదార్థాలను కోరి వాడుకునేది ఈ బల్లపరుపు గీత కోసమే. కిరియాకిడిస్, ఆయన విద్యార్థి పాప్కా 1990లలో ఈ వరసలను ఒక్కొక్కటిగా ఫొటోలు తీసి, ఏ వరస ఎప్పుడు ఎందుకు కూలిందో గణనతో సరిపోల్చారు. తర్వాత నురుగులాంటి లోహాల్లోనూ ఇదే వెతికారు. మెత్తటి ఉక్కును లాగితే లోహం అంతటా సమంగా సాగకుండా ఏటవాలు పట్టీలుగా సాగడం వందేళ్ళకు పైగా తెలిసిన సంగతి, వాటిని ల్యూడర్స్ పట్టీలు అంటారు. వేడికి పూర్వపు ఆకారం తెచ్చుకునే నికెల్ టైటానియం తీగలోనూ అలాంటి సరిహద్దే కదులుతుంది. అక్కడ కదిలేది స్ఫటిక నిర్మాణం మారుతున్న సరిహద్దు. కిరియాకిడిస్ 1990లలో తన విద్యార్థి షాతో కలిసి చేసిన ప్రయోగాల్లో ఆ సరిహద్దు వెంట పుట్టే వేడిని కూడా కొలిచి, తీగను లాగే వేగం పెరిగితే సరిహద్దులు ఎందుకు ఎక్కువవుతాయో చూపించారు.

వీటిలో అన్నిటికంటే కష్టమైనది కార్బన్ నారల సంయుక్త పదార్థం. నేటి పలు విమానాల రెక్కల్లో ఉండేది ఇదే. ఏడు మైక్రాన్ల మందమున్న కోట్ల నారలను ప్లాస్టిక్‌లో ఒకే దిశగా పేర్చి చేస్తారు. లాగితే అద్భుతమైన బలం. నొక్కితే మాత్రం అందులో దాదాపు అరవై శాతమే. నారలు ఎక్కడా పూర్తిగా తిన్నగా ఉండకపోవడమే కారణం. తయారీలో ఒకటి రెండు డిగ్రీల అల చాలు. నొక్కుడు పెరిగేకొద్దీ అల పెద్దదవుతుంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ జారుడుకు లొంగుతుంది, ఒక సన్నటి పట్టీలో నారలన్నీ ఒక్కసారిగా పక్కకు ఒరిగి రెండు అంచుల దగ్గరా విరుగుతాయి. దాన్ని కింక్ పట్టీ అంటారు. దాని వెడల్పు పది నుంచి ముప్పై నారల మందం మాత్రమే. మామూలు పరీక్షలో ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. పెద్ద చప్పుడు, చేతిలో రెండు ముక్కలు. ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పే ఆధారం మిగలదు.

కిరియాకిడిస్, ఆయన విద్యార్థి వోగ్లర్ ఆ రెప్పపాటును సాగదీశారు. పలకను ముందు కొంత నొక్కి అక్కడ పట్టి ఉంచారు, ఆ తర్వాత అడ్డంగా జారుడు బలం కొద్దికొద్దిగా పెంచారు. యంత్రం కదిపినంతే పట్టీ కదిలింది. పలక అంచున పుట్టిన పట్టీ లోపలికి పాకడాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తూ మధ్యమధ్య ఆపి కొలవగలిగారు. నారలు ఒరిగే కోణం పెరుగుతూ పెరుగుతూ ఒకచోట బిగుసుకుపోయింది. అక్కడి నుంచి పట్టీ కొత్త చోటు వెతుక్కోలేదు. పక్కనున్న తిన్నటి నారలను ఒక్కొక్కటిగా తనలోకి వంచుకుంటూ వెడల్పవడం మొదలుపెట్టింది. బలం గీత మళ్ళీ బల్లపరుపుగా సాగింది.